చెవులతో ఆడిన ఆట

మా బావకి కళ్ళు ఒక్కసారిగా పోలేదు. ముందు చూపు అంచులు పోయాయి. తలుపుకి భుజం కొట్టుకునేవాడు, పక్కనే పెట్టిన గ్లాసు చెయ్యి తగిలి దొర్లేది. "కళ్ళు నెత్తికెక్కాయా బావా?" అని వేళాకోళం చేసేదాన్ని. డాక్టరు సంగతి చెప్పాక నా నోరు మూతపడింది. అయినా ఆ మాటలు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటాయి.

ఆయన మా అక్క మొగుడు. లారీల కంపెనీలో కంప్యూటర్ల పని. ఏ లారీ ఎక్కడుంది, ఏ సరుకు ఎక్కడ దిగాలి, అదంతా ఉండే పెద్ద మెషీన్లు ఆగకుండా కనిపెట్టుకుని ఉండాలి. చూపు తగ్గిందని తెలిశాక పై ఆఫీసరు పిలిచి, కొత్తగా చేరేవాళ్ళకి పెట్టే పరీక్షే నీకూ పెడతాను, గట్టెక్కితే ఉంటావు, లేకపోతే ఇంటికే అని తేల్చేశాడు. ఎంతో మర్యాదగా చెప్పాడట. ఆ మర్యాద తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ పరీక్ష ఒక ఆటలా ఉంటుంది. మెషీన్‌లో ఎక్కడో ఒక మాట దాచిపెడతారు. దాన్ని జెండా అంటారు. మౌస్‌తో పని లేదు, నల్ల తెర మీద లినక్స్ కమాండ్లు, అంటే మెషీన్‌కిచ్చే ఆజ్ఞలు, టైపు చేస్తూ వెతకాలి. ఒక జెండా పట్టుకుంటే తర్వాతి దానికి దారి దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో ఇలాంటి ఆటలు సాధన కోసం బోలెడున్నాయి. బావ తిండీ నిద్రా మాని వాటి మీద పడ్డాడు.

నేను వాళ్ళింట్లోనే ఉంటాను, ముందు గదిలో బట్టలు కుడతాను. నా మిషన్ పక్కనే ఆయన బల్ల. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. తెర మీద ఉన్నదంతా చదివే గొంతు ఒకటి కంప్యూటర్‌లో పెట్టుకున్నాడు. ప్రాణం లేని గొంతు. పొద్దస్తమానం "డాట్ డాట్ స్లాష్, డాట్ డాట్ స్లాష్" అని ఒకటే గోల.

"బావా, ఈవిడ ఊపిరి పీల్చుకోదా?"

"ఇంకా తొందరపెట్టాలి చిన్నీ. కళ్ళున్నవాడు పేజీ అంతా ఒక్క చూపులో లాగేస్తాడు. నేను వరసగా వినాలి."

తొందరపెట్టి తొందరపెట్టి, చివరికి నాకు ఒక్క ముక్క అర్థం కాకుండా చేశాడు. ఆయనకి మాత్రం అర్థమయ్యేది.

ఒకసారి ఒక ఫైలు ఎంతకీ తెరుచుకోలేదు. పేరు సరిగ్గానే కొడుతున్నాడు, లేదు పొమ్మంటోంది. తీరా చూస్తే పేరు చివర ఒక ఖాళీ ఉంది. ఖాళీని ఆ గొంతు పలకదు. ఒక పూటంతా కొట్టుకుని, బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు పాపం. మర్నాటికి, ప్రతి అక్షరాన్నీ ఖాళీతో సహా విడివిడిగా చెప్పించుకునే ఉపాయం కనిపెట్టాడు. వేల లైన్లలో ఒక్కటే తేడాగా ఉంటే అన్నీ వినేవాడు కాదు. ఆ తేడా లైనును మెషీన్ చేతే ఏరించి, అదొక్కటే వినేవాడు. అబ్బో, దొరికినప్పుడు మొహం చూడాలి! మా ఇంట్లో నవ్వంటూ ఏమైనా మిగిలితే అదే.

అక్క మాత్రం తట్టుకోలేకపోయేది. ఆయన తడుముకోవడం చూస్తే చాలు, ముందే అందించేసేది. దువ్వెన, చెప్పులు, ఆఖరికి నోట్లో నానుతున్న మాట కూడా. "ఆగవే, ఆయన్నే వెతుక్కోనీ" అంటే "నీకేం తెలుసు, కట్టుకున్నదాన్ని నేను" అనేది. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమకి క్షణం ఓపిక లేదు.

పరీక్ష రోజు ముగ్గురం వెళ్ళాం. చిన్న గది. ఆఫీసరు, ఆయన పక్కన కాపలాకి ఒక అమ్మాయి. తోడొచ్చినవాళ్ళు వెనక కూర్చోవచ్చు, నోరు విప్పితే పరీక్ష రద్దు అని ముందే చెప్పింది ఆ అమ్మాయి. బావ వేళ్ళు పరుగులు పెట్టాయి. ఒకదాని వెనక ఒకటి జెండాలు దొరుకుతూనే ఉన్నాయి. ఆఫీసరు మొహం ముడుచుకుంటూ వచ్చింది.

ఆఖరి ప్రశ్నకి తెర పక్కన ఒక ఫొటో తెరుచుకుంది. లారీల వరస, మధ్య లారీ మీద ఇంతింత అక్షరాలతో ఒక మాట. జెండా అదే. నాకూ కనబడింది, అక్కకీ కనబడింది. దాపరికమే లేదు, చూపుంటే చాలు. ఎంత దుర్మార్గం! బావ ఏదో టైపు చేశాడు, అది ఫొటో అని గొంతు చెప్పింది. ఇంకో పొడుగాటి కమాండ్ కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గదిలో చప్పుడు లేదు. గొంతు పలకదు, బావ కదలడు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. అక్క కుర్చీలోంచి లేవబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను, అందలేదు.

"టైగరండీ! లారీ మీద టైగర్ అని రాసుంది!" అని అరిచేసింది అక్క.

అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఒక లైను వచ్చింది. "టైగర్" అంది ఆ ప్రాణం లేని గొంతు. ఫొటోలోని అక్షరాలు చదివిపెట్టే కమాండ్ అది. పెద్ద ఫొటో కదా, కాస్త సమయం తీసుకుంది, అంతే.

"మెషీన్ చెప్పింది వినబడలేదా? ఆయన కనుక్కున్నాడు!" అని లేచి అరిచాను.

"నోరు విప్పితే రద్దని ముందే చెప్పాం కదమ్మా. రూలు రూలే" అన్నాడు ఆఫీసరు. అదే మర్యాద. సాకు దొరికిన సంతోషం ఆ మొహంలో దాగలేదు. అమ్మాయి తల దించుకుని కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది. బావ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

బయట వరండాలో అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. "మీరలా కదలకుండా కూర్చుంటే నా గుండె ఆగినంత పనైంది. దారి తోచక ఆగిపోయారనుకున్నాను."

"కమాండ్ నడుస్తోంది. నడుస్తున్నంతసేపూ అది పలకదు" అన్నాడు బావ. తర్వాత కోపం లేకుండా అన్నాడు. "కళ్ళు పోయాయని అందరం నమ్మాం. మిగతాది కూడా పోయిందని నువ్వెప్పుడు నమ్మావు?"

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మెట్ల దగ్గరికొచ్చాక, దింపడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఆయన మోచేతికి తగిలింది. ఆయన మోచెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"చిన్నీ, ఇటు రా. నువ్వు ముందు నడు, నీ అడుగుల చప్పుడు విని దిగుతాను" అన్నాడు.