కాళ్ళకు తొడుక్కున్న కపిల

మొన్న మా పల్లెకు నీళ్ళ ట్యాంకరు రాలేదు. రాకపోవడం కొత్తేమీ కాదు, టైరు పేలిందనో, డ్రైవరు చుట్టాలింటి పెండ్లికి పోయాడనో ఏదో ఒక సాకు వింటూనే ఉంటాం. ఈసారి ఫోనులో అతను చెప్పిన మాట వేరు. "బంకులో డీజిలు లేదవ్వా, ఎప్పుడొస్తాదో వాళ్ళకే తెల్దంట, నేనేం జేసేది" అన్నాడు. ఇంట్లో నా మనవరాలు పచ్చి బాలింత. బిడ్డకు పోసే నీళ్ళూ, తల్లి తాగే నీళ్ళూ అన్నీ ఆ ట్యాంకరులో రావలసినవే. తొట్టి అడుగున మిగిలినవాటిని చూస్తూ కూర్చున్నప్పుడు నన్ను పట్టుకున్న భయాన్ని నా ఈడు వాళ్ళతో చెప్పుకోవాలనిపించింది, చిన్నవాళ్ళకు చెబితే చాదస్తం అంటారు.

ఈ బంకులో స్టాకు ఇవాళ కాకపోతే రేపు వస్తుంది, సరే. కానీ భూమిలో ఉన్న చమురంతా అయిపోయే రోజు ఒకటి ఉంటుంది కదా, ఆ రోజు మా కళ్యాణదుర్గం చుట్టుపట్ల పల్లెల్లో పొద్దు ఎలా తెల్లవారుతుంది? ఈ మాట ఎత్తితే మనలో చాలామంది, మన పెద్దలు చమురు లేకుండానే బతికారు కదా, మనమూ ఎద్దులు కట్టుకుని బతుకుతాం అని తేలిగ్గా అనేస్తారు. నేనూ అలాగే అనేదాన్ని.

నా చిన్నప్పుడు మాకు చెరువు కింద మళ్ళు లేవు, ఒక బావి, దాని మీద కపిల, అంతే. ఎద్దులు ఏటవాలు దారిలో దిగుతుంటే మోకు లాగుకుని తోలు బాన పైకి వచ్చేది, తొట్టిలో భళ్ళున నీళ్ళు పడేవి, ఎద్దులు మళ్ళీ వెనక్కు అడుగులు వేసుకుంటూ ఎక్కేవి. ఆ వెనక నడక నేర్పడానికి అబ్బకు, అంటే మా నాయన వాళ్ళ నాయనకు, ఎంత ఓపిక కావలసి వచ్చేదో, మనుషుల మీద మాత్రం ఆయనకు అందులో వీసమెత్తు ఉండేది కాదు. అలాంటి ఇంటికి నాయన ఒక ఏడు నూనె ఇంజను తెచ్చాడు. దాని డబడబ శబ్దం పక్క ఊరికి వినిపిస్తుంటే మా అమ్మ నడకే మారిపోయింది, బిందె ఎత్తుకోవడంలో కూడా ఒక దర్జా వచ్చింది.

ఇంజను వచ్చాక కపిలతో పనేముంది? ఎద్దులు సేద్యానికి ఉండిపోయాయి గానీ, బాన మూలన పడింది. ఏళ్ళ తరబడి ఆముదం పట్టించిన తోలు, మెత్తగా, మందంగా ఉండేది. నాయన దాన్ని ఊళ్ళో చెప్పులు కుట్టే తాతకు ఇచ్చి ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టించాడు. అబ్బ వద్దన్నాడు. "అటకమీద పెట్టప్పా, అదేమన్నా కూడు అడుగుతాదా" అన్నాడు. ఎలుకలు కొరికేదానికా అని నాయన నవ్వేశాడు. చివరికి అబ్బ కూడా తొడుక్కున్నాడు, ముళ్ళ చేలల్లో తిరిగే మనిషి కదా. నాకైతే అవే మొదటి చెప్పులు, ఆముదం వాసన కొట్టేవి, పడుకునేటప్పుడు కూడా విప్పేదాన్ని కాదు.

ఆ తర్వాత ఒక ఎండాకాలం డీజిలు కరువొచ్చింది. రాగి పైరు వెన్నుతీసి ఉంది, ఇంజను నోరు మూసుకుంది. నాయన డబ్బా పట్టుకుని కళ్యాణదుర్గానికి పోవడం, ఖాళీ డబ్బాతో తిరిగి రావడం. బావిలో నీళ్ళు తళతళలాడుతూ కనిపిస్తూనే ఉన్నాయి, పైన పైరు వాడిపోతోంది, ఏడాది తిండి అది. తోడే బాన మాత్రం మా అందరి కాళ్ళకు ఉంది. పక్క చేనులో వేరుపడిన పెద్దనాయన ఇంజను కొనలేక కపిలే తోలుకుంటున్నాడు, దానికి మావాళ్ళు ఆయన్ను ఎన్ని మాటలన్నారో. గట్టు మీద నిలబడి ఆయన, "ఏమప్పా, ఆ చెప్పులిడిచి బాయిలోకి దించగూడదా" అన్నాడు. అంత మాటా అన్న ఆయనే, తన మడి తడిసిన తర్వాత బాన, మోకు, గిలక విప్పి మా బావికి మోసుకొచ్చి తానే కట్టాడు. సగం పైరు దక్కింది, ఆ ఏడు సంకటి తిన్నాం.

ఇన్నాళ్ళూ దీన్ని నవ్వుతూ చెప్పుకునేదాన్ని. మొన్న తొట్టి పక్కన కూర్చున్నప్పుడు నవ్వు రాలేదు. ఆ బావి ఎండి, రాళ్ళతో పూడిపోయి ఎన్నేళ్ళయిందో. బోర్లు వేశాం, ఎండితే ఇంకా లోతుకు వేశాం, ఆ లోతుకు తొలిచే లారీ తాగింది కూడా ఆ డీజిలే. కరెంటు బండ్లు వస్తాయిలే అవ్వా, ఎండతోనే కరెంటు తీస్తారు, ఎండకేం తక్కువ మనకు అని మనవరాలు ధైర్యం చెప్పింది. రావచ్చు, నాకు తెలియదు. రాకపోతే మాత్రం ఎద్దులు కట్టుకుని బతుకుతాం అనేది ఒట్టి మాట. ఎద్దులు దొరుకుతాయి, వెనక్కు నడవడం మళ్ళీ నేర్పుకోవచ్చు, తోలుకూ కరువుండదు, కానీ ఏ మోకు వేసినా అందనంత కిందికి నీళ్ళు వెళ్ళిపోయాయి. మేము చమురుతో నీళ్ళు తోడుకుంటున్నాం అనుకున్నాం గానీ, పాత బతుక్కు తిరిగి వెళ్ళే దారిని కూడా తోడేసుకున్నాం.

ట్యాంకరు మరుసటి రోజు మధ్యాహ్నానికి వచ్చింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళంతా పరుగెత్తారు. అంతకు ముందే, పొద్దున, తొట్టిలో ఉన్నవి కాచి, కాళ్ళు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుని పోశాను. ఒంటికి సరిపోయాయి, తలకు చాలలేదు. వాడు నన్ను చూసి నోరు తెరిచి నవ్వాడు. మా పెద్దవాళ్ళు నాకు నీళ్ళు పోసేటప్పుడు ఇంకో చెంబు ఉందా అని చూసుకుని ఉండరు. నేను చూసుకున్నాను, ఒట్టి చెంబును బోర్లించి, తల తడవని బిడ్డను తువ్వాలులో చుట్టాను.