తమ్ముడి కారులో వెనక మోత

తమ్ముడు పోయి నాలుగు నెలలైంది. నిన్న పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి, ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి ముందు నిలిచిపోయిన అతని డీజిల్ కారును తాడు కట్టి లాక్కుపోయారు. గేటు దగ్గర నిలబడి చూశాను. ఏమీ అనిపించలేదు. లోపలికి వచ్చి కూర్చున్నాక మాత్రం, ఆ కారు వెనక నుంచి మోత పెట్టిన రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. నేను బడిలో పంతులుని, తమ్ముడు ఆ కారును కిరాయికి తిప్పి ఇల్లు గడిపేవాడు. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చాలామంది బండి నంబరు పలక మీద ఏపీ అక్షరాలు చెరిపి టీజీ అని రాయించుకున్నారు, తమ్ముడూ రాయించాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అతని బండి ఎప్పుడూ బాగుచేసే మేస్త్రి, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, అది చూసి, రంగు వేసినంత తేలికా రాష్ట్రం రావడం అని నవ్వాడట. తమ్ముడు మాటకు మాట అనేసి వచ్చాడు. మళ్లీ అటు పోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే మోత మొదలైంది. వేరేచోట వెనక చక్రాల బేరింగులు మార్పించాడు, పోలేదు. ఇంకోచోట మళ్లీ మార్పించాడు. చివరికి, ఇంజను బలాన్ని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్ పెట్టె మొత్తం పోయిందని, కొత్తది వేయాల్సిందేనని చెప్పారు. అది అతని వల్ల కాదు. కారు ఆగిపోతే బతుకుతెరువూ ఆగిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ మేస్త్రికే ఒకసారి చూపించమన్నాను.

"గాయన కాడికి నేను పోనన్నా. తుక్కుకైన ఏస్త గని పోను."

ఒక ఆదివారం నేనే తీసుకుపోయాను. మేస్త్రి పలక వైపు చూశాడు. వెనక సీటు ఊడదీసి బయట పెట్టి, ఆ ఖాళీలో చతికిలబడి, స్క్రూడ్రైవరు కొనను అడుగు రేకుకు ఆనించి చెక్కపిడిని చెవికి పెట్టుకుని, పోనివ్వండి అన్నాడు.

"పెడలు నొక్కండి మాస్టారూ. ఇప్పుడు వదిలేయండి. వదిలితేనే ఏడుస్తోంది, విన్నారా? చక్రాల బేరింగైతే మలుపులో మోత మారాలి, ఏం మారట్లేదు. చక్రాల తప్పేం లేదండీ, పాపం వాటిని ఊరికే రెండుసార్లు విప్పించాడు మీవాడు."

షెడ్డుకు తిరిగొచ్చాక పెట్టెలోని పాత ఆయిల్ కాస్త వార్తాపత్రిక మీద పోసి, ఎండలో పట్టుకుని చూశాడు. సన్నని ఇనుప పొడి మెరిసింది. పెట్టెలో ముందువైపు బేరింగు అరిగిపోయింది, పెట్టె మొత్తం మార్చక్కర్లేదన్నాడు. ఒక బేరింగు, ఒక సీలు, కొత్త ఆయిల్, అంతే.

"మొదట్లోనే తెచ్చుంటే లోపలి గేరు పళ్లు అరిగేవి కావు. ఇక సన్నటి మోత మిగులుతుంది, బండి మాత్రం నడుస్తుంది. కోపముంటే నన్ను తిట్టమనండి మాస్టారూ, బండినెందుకు చంపడం."

ఆ మాట తమ్ముడికి చెప్పాను. విన్నాడు. తాళం తీసుకుని కిరాయికి వెళ్లిపోయాడు. ఆ కారు ఇంకా ఏళ్ల తరబడి ఇంటికి అన్నం పెట్టింది, ఆయిల్ మార్చాల్సి వచ్చినప్పుడల్లా మేస్త్రి దగ్గరికి తీసుకుపోవడం మాత్రం నా పనే అయింది. మీవాడు బాగున్నాడా అని ఆయన అడిగేవాడు. ఏమన్నడు అని ఇతను అడిగేవాడు. రాష్ట్రం వచ్చింది. ఇక వీళ్లే కలుస్తారులే అనుకున్నాను, కలపాలని నేను ప్రయత్నించలేదు. కొన్నేళ్లకు మేస్త్రి షెడ్డు ఖాళీ చేసి సొంతూరు వెళ్లిపోయాడని తెలిసింది.

"చెప్పకుండనే పోయిండా," అన్నాడు తమ్ముడు. చాలాసేపు కారు తుడుస్తూ ఉన్నాడు.

ఇప్పుడు బండికి కంప్యూటరు తగిలించి లోపం చెబుతున్నారు. మంచిదే. ఏ మేస్త్రిది ఏ ఊరని ఎవరూ అడగడం లేదు, అదీ మంచిదే. తమ్ముడి కబురు ఆయనకు చెప్పాలని ఈ నాలుగు నెలల్లో చాలాసార్లు అనుకున్నాను. గుంటూరు వైపు అని తప్ప, అన్నేళ్లలో ఆయన ఊరి పేరు నేనూ అడగలేదు.