పాత గొంతు కోసం పోట్లాడిన మామ

మా మేనమామ పోయిన వారం చనిపోయాడు. భూపాలపల్లి నుంచి రేగొండకు మిరప నారు చూడడానికి పోయాడు. నర్సరీ ముందర నిలబడి బేరం మాట్లాడుతూ కింద కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదని డాక్టరు చెప్పాడు. నర్సరీ యజమానితో, ఆటో డ్రైవరుతో నేను స్వయంగా మాట్లాడాను. ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

ఈ విలేకరి ఉద్యోగంలో చావు వార్తలు చాలా రాశాను. ఎవరు పోయారన్నా ముందు అడిగేది ఒకటే, చూసిన మనిషి ఎవరని. జనగామ కలెక్టరేట్ వరండాలో ఒక సమావేశం కోసం ఎదురుచూస్తుండగా మామ అల్లుడు ఫోన్ చేశాడు.

"అన్నా, మామ పోయిండు."

"ఎవరి మామ?" అన్నాను.

అతను ఏడుస్తున్నాడు. "నువ్వు చూసినవా, ఎవరన్న చెప్పిన్రా?" అని కూడా అడిగాను. చూశానన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి పోయి సమావేశంలో కూర్చున్నాను. అధికారి చెప్పింది రాసుకున్నాను కూడా. సగంలో పక్కనున్న విలేకరి నా నోట్‌బుక్‌లోకి చూసి, "ఏంది అన్నా, ఒక్కటే లైను మల్ల మల్ల రాస్తున్నవ్?" అని అడిగాడు. అప్పుడు లేచి బయటికి వచ్చాను.

నేను ఎదురుచూస్తున్నది నేనే మామకు చెయ్యాల్సిన వేరే ఫోను. దాని గురించి చెప్పాలంటే మామ గురించి చెప్పాలి.

మామది జనగామ జిల్లా కొడకండ్ల దగ్గరి ఊరు. బొగ్గు గనిలో ఫిట్టరుగా భూపాలపల్లికి పోయి, రిటైరైనా అక్కడే ఉండిపోయాడు. ఆయనకు ఒక ఇంగ్లండు బ్యాండు ఇష్టం. ఇష్టమంటే చిన్న మాట. గిటార్లు, డ్రమ్ములతో హోరెత్తించే ఆ బ్యాండు మామ లాగులు తొడిగే వయసులో మొదలై, ఇప్పటికీ స్టేజీల మీద పాడుతోంది. పేరు రాయను. మా ఇండ్లలో ఎవరూ ఆ పేరు పలకలేదు, అందరం 'మామ బ్యాండు' అనే అన్నాం.

ఆ బ్యాండు వాళ్లంతా ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. నాలుగైదేండ్ల కింద నా ఫోన్‌లో వాళ్ల కొత్త వీడియో ఒకటి చూపించాను. మామ కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చాలాసేపు చూశాడు.

"గింత ముసలోళ్లయిన్రారా?" అన్నాడు.

"నువ్వు మాత్రం పిలగానివా?"

"నా సంగతి ఇడిసిపెట్టు. అల్లుడూ, నువ్వు పేపరోనివి. గాళ్లల్ల ఎవ్వలన్న పోతే నీకే ముందుగాల తెలుస్తది. టీవీల సూసుకునే గతి నాకు పట్టనియ్యకు. నువ్వే ఫోన్ జెయ్యి."

చేస్తానన్నాను. అప్పటి నుంచి రెండు మూడు నెలలకొకసారి ఫోన్ చేసి, "అందరు మంచిగున్నరా?" అనేవాడు. మొదట్లో మా ఇంటివాళ్ల గురించి అడుగుతున్నాడనుకుని, పిల్లకు జ్వరమనీ అదనీ ఇదనీ చెప్పేవాణ్ని. ఓపికగా అంతా విని, "గది సరె, మనోళ్లు?" అనేవాడు.

ఆ ఫోను ఎట్లా చెయ్యాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ముందు మామ పోతాడని నా లెక్కలో లేదు.

ఆ పాటలు మామ దాకా ఒక పొరపాటు వల్ల వచ్చాయి. గనిలో మామతో పాటు మహబూబాబాద్ వైపు గార్ల నుంచి వచ్చిన ఇంకో ఫిట్టరు ఉండేవాడు. మామకు ఆయన గార్లోడు, మాకు గార్లాయన. చర్చిలో పాటలు పాడేవాడు. ఒక క్రిస్మస్‌కు, అందరికంటే గొప్పగా ఉండాలని, ఇంగ్లీషు భక్తి పాటల క్యాసెట్టు కోసం హనుమకొండకు పోయాడు. ఒక క్యాసెట్టు అట్ట మీద పాత రాతి చర్చి, దాని ముందు పొడవు జుట్టు, గడ్డాలు, తెల్ల అంగీలతో నలుగురు మనుషులు. ఇంకేం చూడాలి? కొనుక్కొచ్చాడు.

చర్చి మనిషి కాకున్నా, కరెంటు పని తెలుసని ఆ రోజు అక్కడ మైకు సెట్టు చూసుకుంటున్నది మామ. ప్రార్థన అయ్యాక గార్లాయన సైగ చేస్తే మామ మీట నొక్కాడు. మొదట ఆర్గాన్ మోత, నిదానంగా, నిజంగా చర్చిలో మోతలాగే వచ్చింది. అందరూ కళ్లు మూసుకుని చేతులు జోడించారు. అప్పుడు డ్రమ్ము పడింది. వెనకే గిటారు. వెనకే ఆ గొంతు.

"పాస్టరు కండ్లు తెరిసిండు. పిలగాండ్లు ఎగురుడు పెట్టిన్రు. ఆపుర ఆపుర అని గార్లోడు దూరం కెల్లి ఉరికొస్తుండు. నా చెయ్యి బటన్ మీదనే ఉన్నది అల్లుడూ, గని ఒత్తబుద్ధి కాలె" అని మామ ఎన్నిసార్లు చెప్పాడో. గార్లాయన పక్కనుంటే మధ్యలో అందుకునేవాడు. "దేవుని ముంగట నా ఇజ్జత్ తీసిండు, ఇంక నవ్వుతుండు సూడు."

అట్లా దోస్తులయ్యారు. కొన్నాళ్లకు బావా అంటే బావా అని పిలుచుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మామ క్వార్టర్‌లో కిటికీ మీద టేప్‌రికార్డర్ మోగేది. ఇంకో ఇద్దరు ముగ్గురు గని కార్మికులు కూడా వచ్చేవారు. సెలవులకు పోతే నేనూ కూర్చునేవాణ్ని. అత్త గిన్నెలు తోముతూ, "ఇగో, తెల్లోళ్ల ఒగ్గుకథ షురువైంది" అనేది. మామకు ఆ మాట కోపం తెప్పించేది కాదు. "మంచిగన్నవ్. మా దిక్కు ఒగ్గోళ్ల డోలుకు, గీ డ్రమ్ముకు సుట్టరికమున్నది" అనేవాడు. మాటలు అర్థమవుతాయా అని నేనొకసారి అడిగాను. "మా అవ్వ తండా పక్కన నిలవడి లంబాడోళ్ల పాటలినేది. ఆమెకు సమజైనాయిరా?" అన్నాడు.

క్యాసెట్టు రీలు బయటికొస్తే చిటికెన వేలు పెట్టి చుట్టేవాడు. పాట మధ్యలో ఎవరన్నా మాట్లాడితే తిట్టడు, టేపు ఆపేసి వాళ్ల మాట పూర్తయ్యేదాకా వాళ్ల మొహమే చూస్తూ కూర్చుంటాడు. రెండోసారి ఎవరూ మాట్లాడేవారు కాదు.

తర్వాత ఆ బ్యాండులో పాడేవాడు వెళ్లిపోయాడు. ఇంకొకణ్ని తెచ్చుకున్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి అభిమానులో దాని మీద రెండుగా చీలిపోయారని తర్వాత చదివాను. భూపాలపల్లిలో కూడా చీలిపోయారు. ఒకవైపు మామ, ఇంకోవైపు గార్లాయన.

"పాట ఉన్నది, గిటారున్నది, డ్రమ్మున్నది. పాడేటోడు మారితే ఏమాయె? కొత్తోని గొంతు ఇంక పైకి పోతుంది" అనేది గార్లాయన వాదన.

"గొంతు మారినంక గది బ్యాండెట్లయితదిరా? బోర్డు గదే ఉంటది, దుకాణం గది కాదు" అని మామ.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఆ రోజుల్లోనే గనిలో మామ నడుముకు దెబ్బ తగిలింది. భూమి లోపలి పని నుంచి తీసేసి, పైన దీపాలు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. లోపల ఆయన స్థానంలో గార్లాయనను వేశారు. రోజూ షిఫ్టుకు ముందు గార్లాయన టోపీ దీపం మామ చేతి నుంచే తీసుకుని దిగేవాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని మామ ఎన్నడూ అనలేదు. నేనూ అనను. రెండూ ఒకే కాలంలో జరిగాయని మాత్రం చెప్పగలను.

మామ బిడ్డ పెండ్లిలో ఆ దోస్తీ పగిలింది. గార్లాయన కొత్త గొంతుతో వచ్చిన పాటలు తెచ్చి, భోజనాల వేళ డీజే పిలగానికిచ్చి పెట్టించాడు. మామను ఒప్పించాలని తప్ప ఇంకో ఉద్దేశం లేదు. మామ పందిట్లో నుంచి లేచి వచ్చి వైరు పీకేశాడు.

"నా బిడ్డ పెండ్లిల గా గొంతు వద్దు."

విస్తరి ముందు కూర్చున్న గార్లాయన అన్నం ముట్టకుండా లేచాడు. భార్యను తీసుకుని నడిచి వెళ్లిపోయాడు. పెండ్లి ఇంట్లో తినకుండా పోవడమంటే మా దిక్కు ఏమిటో పాఠకులకు వివరించనక్కరలేదు. అత్త గేటు దాకా ఉరికింది. ఆయన వెనక్కి చూడలేదు. రిటైరై గార్లకు పోయేటప్పుడు కూడా చెప్పి పోలేదు.

తర్వాత ఇద్దరూ నాకే ఫోన్ చేసేవారు. "ఎట్లున్నడు వాడు?" అని ఈయన, "సచ్చిండా బతికిండా మీ మామ?" అని ఆయన. ఒకసారి ఇద్దరినీ ఒకే ఫోన్‌లో కలపబోయాను. గార్లాయన గొంతు వినగానే మామ పెట్టేశాడు. అత్త మాత్రం ఆ పెండ్లి సంగతి మరిచిపోలేదు. "నా ఇంట్ల ఒక మనిషి ఆకలితోని లేసిపోయిండు" అని ఏ పండుగకైనా అనేది.

శవాన్ని సొంతూరికి తెచ్చారు. నేను పోయేసరికి అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి ఒక్కటే అడిగింది. "గార్లాయనకు చెప్పినవా?"

పక్కకు వచ్చి ఫోన్ చేశాను. నా నోటి నుంచి, "పోయిండే" అనే మాటే ముందు వచ్చింది.

"ఎవలు?" అన్నాడు గార్లాయన. "గిటారాయననా?"

"కాదు. మామ."

 ఊరికి తెచ్చారని చెప్పి, పేరు పెట్టి రెండుసార్లు పిలిచాను. ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటింది. పెద్దమనుషులు తొందర పెట్టారు. "పొద్దు వంగుతుంది, లేపాలె." అత్త అడ్డంపడింది. "ఆయన రానియ్యిన్రి." ఒక పెద్దాయనకు విసుగొచ్చింది. "పదేండ్ల సంది మాట లేనోడు ఇప్పుడొస్తడానమ్మా? వచ్చి ఏం జేస్తడు?" అత్త రోడ్డు దిక్కే చూసింది.  ఎంతసేపని ఆపుతారు? పాడె లేపారు. మామకు కొడుకులు లేరు. నిప్పుకుండ బిడ్డే పట్టుకుని ముందు నడిచింది, అత్త పాడె వెనక నడిచింది.

ఊరు దాటాక, శ్మశానానికి సగం దారిలో పాడెను నేల మీద దించుతారు. దింపుడు కల్లం అంటాం. అక్కడ అయినవాళ్లు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనన్నా మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తాడని. ఎన్నో చావుల్లో చూశాను. ఎవరూ లేవగా చూడలేదు. ఆ రోజు మాత్రం మామ మొహం నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

డప్పులు ఆపారు. అల్లుడు వంగి, "మామా, మామా" అని పిలవడం మొదలుపెట్టాడు. అప్పుడు రోడ్డు మీద ఒక బైకు ఆగింది. వెనక కూర్చుని వచ్చింది గార్లాయన. తల మొత్తం తెల్లబడిపోయింది. చెప్పులు రోడ్డు మీదనే వదిలి చేనుకు అడ్డంపడి వచ్చాడు.

"అల్లుడా, ఆ చెవు కాదు" అన్నాడు వస్తూనే. "ఎడమ చెవు ఏనాడో పోయింది. గనిల మిషన్ చప్పుడుకు పోయింది. చెప్తే పనిల కెల్లి తీసేస్తరని దాచిండు. ఆ చెవుల ఎంత మొత్తుకున్నా ఇనవడది."

మేం అత్త వైపు చూశాం. అత్త అవునన్నట్టు తలూపింది. మా ఇంట్లో ఇంకెవరికీ ఈ సంగతి తెలియదు. అన్నేండ్లు ఆ పాటలన్నీ మామ ఒక్క చెవితో విన్నాడు.

"చర్చికి పోయేటాయనే, పిలువొచ్చునా" అని ఎవరో గొణిగారు. పాడె మోసే పెద్దాయన కూడా ఏదో అనబోయాడు. అత్త, "పిలువనియ్యిన్రి" అంది. పెద్దాయన వెనక్కి జరిగాడు.

గార్లాయన కుడి వైపుకు వచ్చి మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. క్షమించమని అడుగుతాడని అనుకున్నాను. నువ్వే గెలిచావు బావా అంటాడని కూడా అనుకున్నాను. ఆయన రెండూ అనలేదు. చెవి దగ్గర నోరు పెట్టి, డప్పుల వాళ్ల దాకా వినబడేంత గట్టిగా అరిచాడు.

"బావా! కొత్తోడే మంచిగ పాడుతుండు!"

వెనక ఎవరో కుర్రాడు ఫక్కున నవ్వి ఆగిపోయాడు.

"పాతోని గొంతు ఉత్తదే! ఇంటున్నవా బావా, పాతోనిది ఉత్తదే!"

మామ బిడ్డ కుండను గట్టిగా పట్టుకుంది.  గార్లాయన మూడోసారి అరిచాడు.

"కొత్తోడే మంచిగ పాడుతుండు బావా! కాదను. లేసి తిట్టు!"

అని, తన చెవిని మామ నోటికి ఆనించి పెట్టాడు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, అట్లాగే ఉండిపోయాడు. మోసేవాళ్లు నలుగురూ పాడె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ వంగలేదు, ఆయనను లెమ్మని ఎవరూ అనలేదు.