ఎనిమిదో జావా

ఒక్క క్లిక్కుతో బట్టల షాపు రంజాన్ బేరాన్ని ముంచబోయిన మొనగాణ్ని మీరెక్కడైనా చూశారా? వెతక్కండి, నేనే.

నెల్లూరులో మస్తాన్ అన్న షాపుకి బిల్లులేసే ప్రోగ్రామ్ రాసిచ్చింది నేను. అది జావా అనే సాఫ్ట్‌వేర్ ఎనిమిదో వెర్షన్ ఉంటే తప్ప నడవదు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా పండగ ముందురోజు, అన్నకి ఏడాదంతటికీ పెద్ద బేరం ఉన్న సాయంత్రం, షాపుకెళ్లి చూస్తే కంప్యూటర్లో మూడు జావాలు! నాలోని శుభ్రతాభిమాని చీపురు పట్టుకుని లేచాడు.

"ఒక మిషన్లో మూడెందుకన్నా? కొత్తదొకటి చాలు, జెట్టులా పోద్ది" అని పాతవి ఊడ్చేశాను.

ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. కౌంటర్ ముందు జనం, వాళ్ల చంకల్లో చీరలు.

"ఏంది తమ్ముడూ, జెట్టు లేస్తదా?" అన్నాడు అన్న.

నేను జావగారిపోయాను. (ఈ మాటను మన పెద్దలు నాకోసమే పుట్టించి ఉంటారు.)

తీసేసినదాన్ని మళ్లీ దించుకుందామంటే, పండగ రద్దీకి ఫోన్లలో నెట్ చచ్చింది. పాత జావా ఉన్న పెన్‌డ్రైవ్ మైపాడులో, మా ఇంట్లో ఉంది. షాపు గోలలో అమ్మకి ఫోన్ చేసి అరిచాను.

"అమ్మా, పాత జావా కావాలి! మామ ఆటోలో పంపు!"

"పాతదా? ఎందుకురా?"

"ఎనిమిదమ్మా, ఎనిమిది!"

"ఎనిమిదా! అంతమంది ఉండారా?"

"షాపు నిండా ఉండారు, తొందరగా పంపు!"

ఈలోగా అన్న నా చేతికి పెన్నిచ్చాడు. "ప్రోగ్రామ్ రాసినోడివి, బిల్లు రాయలేవా?"

రాశాను. పొద్దుగూకి, అన్నా పనివాళ్లూ ఖర్జూరాలతో ఉపవాసం విడుస్తుంటే మామ ఆటో దిగాడు. చేతిలో పే...ద్ద క్యారియర్. మూత తీస్తే ఘుమఘుమలాడే రాగిజావ! వెంటనే అమ్మ ఫోన్.

"పాతది పులిసిపోయిందిరా, పారబోసినా. ఎనిమిది మందికీ కొత్తది కాచినా."

కొత్తదానితోనే కదమ్మా నేను చస్తున్నది!

అన్న గ్లాసెడు తాగి, మూతి తుడుచుకుని, "తమ్ముడూ, ఈ వెర్షన్ బాగుండాది. దీన్ని మాత్రం తీసేయబాక" అన్నాడు.

షాపు మూసేదాకా చేత్తోనే బిల్లులు రాశాను. బేరం గట్టెక్కింది, నా వేళ్లు మాత్రం మునిగాయి. ఆ ఖాళీ క్యారియర్ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట పాత జావాలనూ కొత్త జావాలనూ పక్కపక్కనే ఉండనిస్తాను, ఏ ప్రోగ్రామ్‌కి ఏది కావాలో దానికది చూపిస్తాను. అమ్మని మాత్రం పెన్‌డ్రైవే అడుగుతాను. దాన్నైతే కాచి పంపదు కదా!