ఆట అయ్యాక లింబాద్రన్న పాఠం

మా లింబాద్రన్నకు పేకాటలో గెలవడం ఒక్కటే చాలదు. గెలిచాక, ఓడినవాణ్ణి కూర్చోబెట్టి ఎందుకు ఓడాడో వివరించాలి. అప్పుడే ఆయనకు అన్నం సయించేది.

రియాద్‌లో మా క్యాంపు గదిలో ఆరుగురం. కంపెనీ లెక్కన ఆయన ఏసీ గొట్టాలు బిగించే మనిషి. ఆయన లెక్కన మాత్రం రమ్మీ చాంపియన్, గొట్టాలు ఏదో కాలక్షేపానికి. పైసలు పెట్టి ఆడితే జైలే కాబట్టి పనులు పందెం కాసేవాళ్లం. పద్నాలుగేళ్లలో ఆయన ఒక్క గిన్నె తోమిన పాపాన పోలేదు. తోమేవాడి పక్కన స్టూలు వేసుకుని పాఠం చెప్పేవాడు.

“ఇస్పేటు రాజును ఎందుకు పడేసినవ్ రా? నేను రాణి ఎత్తినప్పుడు నీ కండ్లు యాడున్నయ్?”

“యాదికి లేదన్నా.”

“యాదుండాలె. ఆ గంజు అడుగు గూడ సక్కగ తోమలే, సూడు.”

ఆయన పేరు అల్ ఖర్జ్ దాకా పాకింది. అక్కడి పాల ఫారం నుంచి షరీఫ్ అనే మొనగాడు మజ్జిగ సీసాల పెట్టె పందెం కాసి, వ్యాన్లో వచ్చాడు. గంటలో ఓడాడు. పాఠం గంటన్నర సాగింది. వ్యాను కదిలినా లింబాద్రన్న కిటికీ పట్టుకుని నడుస్తూ కళావరు పది సంగతి చెబుతూనే ఉన్నాడు. షరీఫ్ మళ్లీ మా వైపు రాలేదు. మజ్జిగ మాత్రం వారం రోజులు తాగాం. ఎంత బాగుండేవో ఆ శుక్రవారాలు!

తర్వాత నితాఖత్ వచ్చింది. సరిపడా సౌదీలను పనిలో పెట్టుకోని కంపెనీలకు ఎర్ర రంగు వేశారు. మా కంపెనీకీ పడింది, ఇక మా పర్మిట్లు పొడిగించరు. ఒక శుక్రవారం పొద్దున ఫోర్‌మన్ దిలావర్ గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

“పాంచ్ ఆద్మీ కో నయా కఫీల్ మిలా. ఏక్ కో ఎగ్జిట్. నామ్ తుమ్ లోగ్ దో, షామ్ తక్.”

ఐదుగురికి కొత్త యజమాని, ఒకడు ఇంటికి. ఆ పేరు సాయంత్రానికల్లా మేమే ఇవ్వాలి. ఎవరి పేరని ఇస్తాం? మా గదిలో ఏ తగువైనా ముక్కలే తీర్చేవి. ఇదీ వాటికే వదిలేశాం. ఆట గెలిచినవాడు గెలిచినట్టు లేచిపోవాలి, చివరికి మిగిలినవాడు విమానం ఎక్కాలి. మాలో అందరికన్నా కొత్తవాడు నాగేందర్. వాడు వచ్చి ఐదు నెలలే. ఆట కూడా మా దగ్గరే నేర్చాడు, అదీ సగం.

నేను రెండో ఆటలో బయటపడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నా, ప్రాణం లేచొచ్చింది. లింబాద్రన్నకు మాత్రం ఆ రోజు ముక్కలు కలిసి రాలేదు. ఆయనా నాగేందరూ మిగిలారు. పాపం నాగేందర్ పని అయిపోయిందనుకున్నాం. గంట తర్వాత వాడే “షో” అని ముక్కలు పరిచి గెలిచాడు. లింబాద్రన్న తన ముక్కలు ఎవరికీ చూపకుండా కట్టలో కలిపేసి లేచాడు.

“ఏందన్నా, ఏం జెప్పవా?” అన్నాను.

“ఏం జెప్పాలె? ముక్కలు పడలే.”

విమానం ఎక్కేదాకా ఆట ఊసెత్తలేదు.

పన్నెండో రోజు ఊరి నుంచి ఫోను చేశాడు.

“మల్లేశం, నాగేందర్ గాడు పక్కకున్నడా?”

“లేడన్నా, డ్యూటీకి పోయిండు.”

“ఇగ ఆపుకోలేను రా! గెలుసుడు ఎవడన్న గెలుస్తడు. వాని చేతిల ఓడుడు ఎంత కష్టమో ఎరికేనా? వాని తాన ఆటీను ఐదు, ఆరు ఉన్నయ్. ఏడు ఏసిన. ఎత్తలే! రెండో కట్టల ఏడు గూడ ఏసిన. ఎత్తలే! షో కొట్టే ముక్కలు నా చేతిల పెట్టుకొని గంట సేపు కూసున్న. ఆఖరికి నాలుగు ఏసి గట్టిగ దగ్గిన. అప్పుడు సూసిండు.”

“ఎందుకన్నా?” అన్నాను.

“నేను పద్నాలుగేండ్లున్న. వాడు ఐదు నెలలకే ఇంటికి పోయి ఏం మొఖం జూపిస్తడు? అది ఇడిసిపెట్టు. వానికి జెప్పకు. కని ఆ ఏడు ఎత్తకపోవుడు ఉన్నది సూడు...”

ఆయన ఫోన్లో బ్యాలెన్స్ అయిపోయేదాకా పాఠం సాగింది. సాయంత్రం నాగేందర్ వచ్చి బూట్లు విప్పుతూ అడిగాడు.

“లింబన్న ఫోన్ జేసిండా? ఓడిపోయిండని ఇంక బాధ పడుతుండా?”

“ఓడినందుకు గాదు. నువ్వు గెలిసిన తీరుకు బాధ పడుతుండు. కట్ట తియ్యి, కూసో.”