నీరజకు పోసిన అమ్మవారు

జగ్గయ్యపేటలో చీరకు సరిపడే జాకెట్టు ముక్క కావాలంటే ఆడవాళ్లంతా లక్ష్మీకాంత్ కొట్టుకే పోతారు. లక్ష్మీకాంత్ కోసం కాదు లెండి, కౌంటర్లో కూర్చునే ఆయన భార్య నీరజ కోసం. కొంగు చూపిస్తే చాలు, ఏ అరలోంచి ఏ తాను లాగాలో ఆ పిల్ల చేతికి తెలుసు. పుట్టిల్లు నందిగామ. నోట్లో నాలుక లేని మనిషి. అదే ఆమె కొంప ముంచింది.

రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. వస్తే వచ్చింది, ఎంతమందికి రాలేదు? కానీ అత్తగారు సీతారావమ్మ ఊరుకుంటేగా! పేరంటానికి ఎవరొచ్చినా, "మా కోడలు ఇంట్లో కాలు పెట్టినప్పుడు తమలపాకులా ఉండేదమ్మా, ఇప్పుడు చూడండి ఆ మొహం" అనేది. ఆవిడ కడుపులో ఏమీ ఉండదు, నోరే అంత. నీరజ విని విని, ఒకరోజు అమ్మకు ఒంట్లో బాలేదని చెప్పి బస్సెక్కింది. నందిగామలో దిగితేగా! కీసర, కంచికచర్ల కూడా దాటిపోయి, బెజవాడలో మొహానికి లేజర్ చేయించుకొచ్చింది. మొగుడికి కూడా చెప్పలేదు.

అక్కడి డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "చర్మం ఇప్పుడు పచ్చిగా ఉందమ్మా. ఎండ తగలకూడదు, పొయ్యి సెగ తగలకూడదు. ఈ క్రీము తప్ప ఏదీ రాయొద్దు, పసుపు అసలే వద్దు. పొక్కులు వాటంతటవే రాలాలి. గిల్లితే ఇప్పుడున్న మంగుకంటే నల్లటి మచ్చలు పడతాయి."

మర్నాటికి మొహం కందిపోయి సన్నటి పొక్కులు తేలాయి. సీతారావమ్మ చూసి చెంపలేసుకుంది.

"తల్లీ, అమ్మవారు పోసిందే! చెప్పవేం నీరజా?"

ఇదిగో, ఇక్కడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే అత్తగారు గుమ్మానికి వేపమండలు కట్టేసి, కోడలు గది దాటకూడదంది, పొయ్యి దగ్గరకు పోకూడదంది, కొట్టు సంగతే మర్చిపొమ్మంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ అడక్కుండానే జరిగిపోతున్నాయి. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇమ్మన్నదీ పాలే అనుకుని, నీరజ చాటుగా క్రీము రాసుకుని పడుకుంది.

మధ్యాహ్నం మొహానికి తడిగా ఏదో తగిలి మెలకువ వచ్చింది. ముందు చల్లగా ఉంది, వెంటనే భగ్గుమని మంట. కళ్లు తెరిస్తే ఎదురుగా అత్తగారు. వేపాకూ పసుపూ కలిపి నూరిన ముద్దను, కళ్లు మూసుకుని ఆ తల్లిని మొక్కుకుంటూ, కోడలి బుగ్గలకు పట్టిస్తోంది. ఆవిడ వేళ్ల కింద పొక్కులు ఊడిపోతున్నాయి.

నీరజ చటుక్కున లేచి కూర్చుంది. దిండు కింద తడుముకుంది. క్రీము లేదు.

"ఆ ట్యూబు పారేశానమ్మా. అమ్మవారి మీద మందులు రాస్తే ఆ తల్లికి కోపం వస్తుంది," అంది సీతారావమ్మ.

"అమ్మవారు కాదండీ అత్తయ్యా. లేజర్. మంగు పోవాలని బెజవాడ వెళ్లి నేనే చేయించుకున్నా."

నీరజ పెరట్లోకి పరిగెత్తి చన్నీళ్లతో కడుక్కుని అద్దంలో చూసుకుంది. బుగ్గల మీద పచ్చి పుండు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ వెంటనే రమ్మంది. మచ్చలు పడతాయా అని అడిగితే, చూడకుండా ఏమీ చెప్పలేనంది.

"మంగు పోవాలని మొహం కాల్పించుకున్నావా?" సీతారావమ్మకు ఇంకా నమ్మకం కుదరలేదు. "మావాడేమన్నా అన్నాడా?"

"ఆయనెప్పుడూ ఏమీ అనలేదండీ. మీరే. పేరంటానికి వచ్చినవాళ్లందరి ముందూ."

ఆవిడ గోడకు చేరగిలబడి అలాగే కిందికి కూర్చుండిపోయింది. పసుపు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూసుకుంది.

"ఏదో మాటవరసకు అనేదాన్నే తల్లీ," అంది.

"మీకు మాటవరసకేనండీ," అంది నీరజ. "ఎండగా ఉంది, ఆ గొడుగు ఇలా ఇవ్వండి. బస్సు పోతుంది."