అద్దాల తొట్టిలో చెరకు దుబ్బులు

అరవైల నడిమి మాట. బాపుకు, అంటే మా నాన్నకు, పక్షవాతం వచ్చిన ఏడాదికి మా ఇంట్లోకి చేపల తొట్టి వచ్చింది. అప్పటికి నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. బాపు ముప్పై ఏళ్లు చెరకు తోటల మీద మేస్త్రీగా తిరిగిన మనిషి. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే లేచేది. ఏదైనా అడిగితే ఔననడానికి కళ్లు మూసేవాడు, కాదంటే ఊరికే చూసేవాడు. మిగతాదంతా మేమే ఊహించుకోవాలి. అవ్వ, అంటే మా అమ్మ, ఓపికగా ఊహించేది. నాకు ఓపిక తక్కువ. రెండుసార్లు అడిగి, మూడోసారికి నాకు తోచిందే ఖాయం చేసుకొని వెళ్లిపోయేదాన్ని.

పక్కింటి చాచాకు అద్దాల దుకాణం ఉండేది. ఫొటోలకు ఫ్రేములు కట్టడం, కిటికీలకు అద్దాలు బిగించడం ఆయన పని. బాపు రోజంతా గోడను చూస్తూ పడుకోవడం ఆయన చూడలేకపోయాడు. ఇనుప పట్టీల చట్రానికి లప్పంతో అద్దాలు బిగించి తొట్టి చేసి తెచ్చాడు. అద్దాల కోసం హైదరాబాదు పోయినప్పుడు పాల క్యానులో ఆరు ఎర్ర చేపలు కూడా తెచ్చాడు. బాపు తల తిప్పకుండానే కనబడేటట్టు మంచం పక్కన స్టూలు మీద పెట్టాము. అడుగున మంజీర ఇసుక, కాలువలోంచి తెచ్చిన నాచు, అంతే. బాపు కళ్లు ఆ చేపల వెంట తిరిగేవి. ఇంటికి ఎవరు వచ్చినా ఎడమ చేత్తో తొట్టిని చూపించేవాడు. ఆ చెయ్యి లేచిందంటే మాకు ఆ పూట పండుగే.

ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనిస్తే నేను నేనెందుకవుతాను. బడిలో ఒక పాత ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే చేపల తొట్టి బొమ్మ కనబడింది. లోపల రాళ్లు, వంకర తిరిగిన వేళ్లు, వాటి సందుల్లోంచి మొక్కలు. నీళ్లలో ఒక చిన్న అడవే ఉంది. ఇంటికొచ్చి చూస్తే మా తొట్టి నాకు కుడితి తొట్టిలా కనిపించింది.

రాళ్లకు ఇబ్బంది లేదు. మాక్లూరులో ఒక పెండ్లికి పోయినప్పుడు ఊరి బయట నల్లటివి ఏరి సంచిలో వేసుకొచ్చాను.

"పెండ్లికి పోయినోళ్లు లడ్డూలు తెస్తరు గని రాళ్లు తెస్తరానే?" అని అవ్వ నవ్వింది.

కట్టె దగ్గరే చిక్కొచ్చింది. తుమ్మ మొద్దును బకెట్లో నానేస్తే నీళ్లు చాయ్‌లా ఎర్రబడ్డాయి. చింత వేరు తొట్టిలో పట్టలేదు. అప్పుడు రెంజల్ దారిలో, కోత అయిపోయిన చెరకు మడి గట్టు మీద, తవ్వి పడేసిన దుబ్బులు కనిపించాయి. ఒక్కో దుబ్బుకు కింద గడ్డంలా వేళ్లు, పైన జానెడు ఎత్తున మిగిలిన చెరకు మోళ్లు. ఇంతకంటే అందమైన చెట్లు ఆ పత్రికలో కూడా లేవనిపించింది. పైగా చెరకు. బాపు బతుకంతా గడిచింది దాని మధ్యనే. ఆయన తోటను ఆయన మంచం దగ్గరికే తెస్తున్నానని నా మురిపెం.

"గిది నీళ్లల్ల ఆగుతదా బిడ్డా?" అని చాచా అనుమానంగా అడిగాడు.

"మీరు అద్దాల సంగతి చూసుకోండ్రి చాచా, చెట్ల సంగతి నాకెరుకే" అన్నాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాను. చేపలను గంగాళంలోకి తీశాను. ఇసుక కడిగి, వెనకవైపు ఎత్తుగా, ముందుకు వాలుగా పోశాను. పెద్ద రాళ్లు వెనక, చిన్నవి ముందర. దుబ్బులను మట్టి పోయేదాకా తోమి, మోళ్ల చివర్లు కత్తితో నున్నగా చెక్కి, నీళ్లకు తేలకుండా మూడింటిని రాళ్ల మధ్య బిగించాను. వేళ్ల సందుల్లో నాచు గుచ్చాను.

నేను మొదటి దుబ్బును చేతిలోకి తీసుకున్నప్పుడే బాపు చెయ్యి లేచింది. మంచం పట్టెను టపటపా కొట్టాడు. ఊఊ అని గొంతు పెంచాడు. చేతిని ముక్కు దాకా తెచ్చి దించాడు, మళ్లీ తెచ్చాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఏడాదిలో ఆయన అంత కదలడం మేము చూడలేదు.

"మీ బాపు మురుస్తుండు సూడే" అని అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

"తోట యాదికొచ్చిందా బాపూ?" అంటూ నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయన విడిపించుకొని మళ్లీ పట్టె మీద కొట్టాడు. నేను నవ్వాను. నా ప్రశ్నకు ఆయన కళ్లు మూయలేదన్నది నేను గమనించలేదు.

సోమవారం సాయంత్రానికి నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. కొత్త ఇసుక కదా, తేరుకుంటుందిలే అన్నాను. మంగళవారం పొద్దున లేచేసరికి ఆరు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుచుకొని ఉన్నాయి. అవ్వ కేక వేస్తే చాచా వచ్చాడు. తొట్టిలో చెయ్యి ముంచి వాసన చూశాడు.

"బిడ్డా, గిది కల్లు లెక్క వాసనొస్తుంది."

కోసిన చెరకు ఆగితే పులుస్తుంది. చెరకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర ఆగిపోయిన రోజుల్లో బాపు అన్నం ముట్టేవాడు కాదు. గడ విరిచి ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేవాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ గడనే తెచ్చి చేపల నీళ్లలో నానబెట్టాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసింది నేనే.

దుబ్బులు పీకేశాము. సగం నీళ్లు తోడి బావి నీళ్లు పోశాము. చేపలకు గాలి ఆడాలని నేనూ అవ్వా చాచా వంతులవారీగా చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూనే ఉన్నాము. చేతులు పడిపోయాయి కానీ చేపలు తేరుకోలేదు. ఒక్కొక్కటే పక్కకు ఒరిగింది. తల తిప్పుకోలేని మనిషి ముందు ఇదంతా జరుగుతోంది. అవ్వ దుప్పటి తెచ్చి, "కప్పాల్నా?" అని బాపును అడిగింది. ఆయన కళ్లు మూయలేదు. చివరిదాకా చూశాడు.

మధ్యాహ్నానికి ఆరో చేప కూడా పోయింది. తడిసిన చీరతోనే మంచం పక్కన కూర్చున్నాను.

"బాపూ, మొన్న నువ్వు గిదే చెప్పినవా?"

కళ్లు మూశాడు. చాలాసేపు తెరవలేదు. ఏడాదిలో ఆయన మాతో ఒక్క ముఖ్యమైన మాట చెప్పాడు, దానికి మేము సంబరపడ్డాము. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నెల తిరక్కుండా చాచా మళ్లీ చేపలు తెచ్చాడు. ఈసారి ఇసుక, నాచు తప్ప నేను ఏమీ పెట్టలేదు. బాపు వాటిని చూసేవాడు. ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఎడమ చెయ్యి బాగానే ఉందని డాక్టరు పట్టి చూసి చెప్పాడు. నేను ఏదైనా అడిగితే కళ్లు మూసేవాడు, లేదా ఊరికే చూసేవాడు. తనంతట తాను మాత్రం మళ్లీ చెయ్యి ఎత్తలేదు. దాహమైనా మేము అడిగేదాకా ఊరుకునేవాడు. బడి తొందరలో నేను అడగకుండా వెళ్లిపోయిన రోజులు కూడా ఉన్నాయి.